ఇంటనుండియే క్షయరోగ చికిత్స : దానినిగూర్చి జనుల యభిప్రాయము

మన మెదకు పట్టణమునగాని చుట్టుపట్ల గ్రామములలోగాని ఒక యింట ఎవరికైనను రెండు మూడు వారములు దగ్గు మానక, సాయంకాలమున ఒడలు వెచ్చబడుచు, దినదినము చిక్కిపోవుచున్నయెడల, ఇరుగుపొరుగువారు రోగము పేరెత్తుటకు నోరాడక 'ఆ జబ్బు' అని మాత్రమే యందురు. పిమ్మట కఫమును పరీక్షచేసి, ఇది క్షయయే యని డాక్టరు నిర్ణయించి, "ఇవిగో మాత్రలు, ఇంటియొద్దనే యుండి ఆరునెలలు పుచ్చుకొనవలెను, ఆసుపత్రిలో నుండ నక్కరలేదు" అని చెప్పినయెడల ఆ కుటుంబమువారు సంతోషింతురని మనము తలంతుము. తఱచుగా జరుగునది వేఱు. "ఇంత పెద్ద జబ్బుకు గోలీలిచ్చి ఇంటికి పొమ్మంటిరి. పట్నం పెద్ద దవాఖానకు రాసియ్యుండ్రి సారూ, మీ కాల్మొక్కుత" అని బ్రతిమాలుదురు. కొందఱు మాత్రలను మూటగట్టుకొని, ఎవ్వరికిని చెప్పక, నూఱు కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదునకు బస్సెక్కుదురు.

ఈ మాటలను అజ్ఞానమని నవ్వుట సులభము. నాకు మాత్రము ఇవి నవ్వదగిన మాటలుగా తోచవు. క్షయరోగిని ఇంటనుండి దూరముగా నుంచవలెనని మన ప్రజలకు బోధించినది మంత్రగాండ్రు కారు, వైద్యులే. అందును మిషను వైద్యులు ఆ పాఠమును మిక్కిలి శ్రద్ధతో నేర్పిరి. నేర్పిన కాలమున అది తగిన పాఠమే. తరువాత మందులు మారినవి, పాఠము మాత్రము జనుల మనస్సులలో నిలిచిపోయినది. ఇది యెట్లు జరిగెనో విద్యార్థులును తలిదండ్రులును తెలిసికొనినయెడల, నేడు ఇంటియొద్ద మందు పుచ్చుకొనుచున్న రోగితో ఎట్లు మెలగవలెనో వారికే తోచును.

ఈ వ్యాధిని మన పెద్దలు రాజయక్ష్మ యనిరి. దక్షుడు తన యిరువదియేడుగురు కూతులను చంద్రునకిచ్చి వివాహము చేయగా, చంద్రుడు రోహిణియందే మక్కువ గలిగి తక్కినవారిని ఉపేక్షించెననియు, అందులకు మామ కోపించి క్షయించిపొమ్మని శపించెననియు పురాణకథ గలదు. ఈ కథ తెలియనివారికిని దాని నీడ తెలియును. రోగము వచ్చెనన్న ఏదో తప్పు చేసియుండునను అనుమానము, వంశములో దోషమున్నదను గుసగుస అందుండియే వచ్చినవి. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు ఈ రోగమునకు కారణము ఒక సూక్ష్మజీవి యని నిరూపించెను. శాపమునకు మాఱు క్రిమి వచ్చెను. అయితే క్రిమి దొరికినంతమాత్రమున మందు దొరకలేదు. అప్పటినుండి అఱువది సంవత్సరములకు పైగా వైద్యుల చేతిలో నున్నవి గాలి, విశ్రాంతి, ఆహారము, ఈ మూడే.

ఆ మూడింటిని సమకూర్చు స్థలమే శానిటోరియము. కొండగాలి తగులు చోట పొడుగైన వరండాలు గట్టి, రోగులను మంచములపై పరుండబెట్టి, పాలు గ్రుడ్లు ఇచ్చి, నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరములకొలది కదలనీయక యుంచెడివారు. కొన్ని చోట్ల ప్రక్కటెముకల నడుమ సూదితో గాలి యెక్కించి, చెడిన ఊపిరితిత్తికి పని తగ్గించెడివారు. మన దేశమున మొదటి శానిటోరియమును 1906లో అజమీరు సమీపమున తిలోనియాలో మిషనువారే నెలకొల్పిరి. తెలుగునాట ప్రసిద్ధమైనది మదనపల్లెకు సమీపముననున్న ఆరోగ్యవరము. పలు మిషనులు కలిసి 1915లో దానిని తెఱచినవి. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలరు దాని మొదటి అధిపతి. మన కడకు వచ్చినయెడల, వికారాబాదునొద్ద అనంతగిరి కొండలమీదను, హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను క్షయ ఆసుపత్రు లేర్పడినవి. ఎఱ్ఱగడ్డలోనే పిచ్చాసుపత్రియు నుండుటచే, 'ఎఱ్ఱగడ్డకు తీసికొనిపోయిరి' అనుమాట మన జిల్లాలో రెండు విధముల భయము గొల్పునదిగా నుండెను.

సంపన్నులును ఆ దారినే పోయిరి. జవాహర్‌లాల్ నెహ్రూగారి భార్య కమలాదేవి మొదట భోవాలి శానిటోరియములోను, పిదప జర్మనీలోను చికిత్స పొంది, 1936లో స్విట్జర్లాండులోని లొజాను నగరమున మరణించెను. దేశమంతయు ఎఱిగిన ఇల్లాలికి సముద్రముల కావలకూడ మందు దొరకలేదు. ఇది చూచిన సామాన్యునికి ఈ రోగము ఎంత పెద్ద ఆసుపత్రియైనను చాలనిదిగా కనబడుటలో వింత యేమి?

అయినను మంచముల లెక్క వేసి చూచిన ఆలోచనాపరులకు ఆనాడే సందేహము కలిగెను. 1946లో భోరు సంఘమువారు తమ నివేదికలో మన దేశమున 25 లక్షలమంది క్షయరోగులు కలరనియు, ఏటేట 5 లక్షలమంది చనిపోవుచున్నారనియు, వారికొఱకున్న మంచములు రమారమి 6,000 మాత్రమే యనియు అంచనా వేసిరి. నాలుగువందలమందికి ఒక మంచము! మంచము దొరకువఱకు వేచియుండుమనుట రోగిని చావుమనుటయే. అందుచేతనే 1940లో న్యూఢిల్లీ క్షయ క్లినిక్కున ఇంటిచికిత్సను ఒక క్రమమున నడిపి చూచుటకు పూనుకొనిరి. రోగి మంచము దొరకక యింటనే యుండెను గనుక, నర్సు ఇంటికిపోయి ఉమ్మి ఎక్కడ వేయవలెనో, పిల్లలను ఎక్కడ పరుండబెట్టవలెనో చెప్పెడిది. ఇంకను పూర్వము, 1887లో, స్కాట్లండు దేశమున ఎడింబరో నగరములో రాబర్టు ఫిలిప్ అను వైద్యుడు క్షయరోగులకొఱకు వేఱుగ ఒక డిస్పెన్సరీని తెఱచి, రోగి యింటికి మనిషిని పంపి కుటుంబమంతటిని పరీక్షింపజేయు పద్ధతిని స్థాపించియుండెను. కావున ఇంటిచికిత్స నిన్న నేడు పుట్టిన చవుక యేర్పాటు కాదు. అయితే మందు లేని కాలమున అది ఓదార్పునకు కొంచెము పైది మాత్రమే.

మందు వచ్చినది 1943లో. ఆ యేట అమెరికాలో స్ట్రెప్టోమైసినును కనుగొనిరి. తరువాత పాస్ అను మందు, 1952లో ఐసోనియాజిడు వచ్చినవి. ఈ రెంటిని కలిపి నోటితో మ్రింగిన చాలును. ఇప్పుడు ప్రశ్న మాఱెను. మందే రోగమును కుదుర్చుచున్నయెడల కొండగాలి యెందుకు? మంచమెందుకు? రోగి తన గుడిసెలో నుండి, ఆ గుడిసె కూడే తినుచు మాత్రలు మ్రింగిన కుదురదా?

ఈ ప్రశ్నకు లోకమునకంతటికి జవాబు చెప్పినది మన పొరుగుననున్న మద్రాసు నగరము. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచారోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి యచ్చట ఒక కేంద్రమును స్థాపించినవి. డాక్టరు వాలెస్ ఫాక్సు అను ఆంగ్లేయుడు అందు ముఖ్యుడు. కఫములో క్రిములున్న 193 మంది రోగులను తీసికొని, చీట్లు వేసినట్లుగా పంచి, కొందఱిని శానిటోరియమునకు పంపిరి. కొందఱిని వారి యిండ్లయందే యుంచిరి. అందఱికిని ఒక సంవత్సరము ఒకే మందులు, ఐసోనియాజిడు, పాస్. డాక్టరుగారు తమకు నచ్చినవారిని ఒక ప్రక్కకు చేర్చుటకు వీలులేకుండుటకే ఈ చీట్ల పద్ధతి. విద్యార్థులు ఈ సంగతి గుర్తింపవలెను. ఏలననగా పరీక్షయొక్క బలమంతయు అందే యున్నది.

ఇండ్లన్న ఎట్టి యిండ్లు? పట్టణములోని బీదల యిండ్లు. ఒకే గదిలో అనేకులు పండుకొనునవి. కడుపునిండ తిండి లేనివి. పని మానిన పొయ్యి రాజనివి. శానిటోరియములోనివారికో, మంచి భోజనము, విశ్రాంతి, వేళకు నర్సు. ఆ సంవత్సరాంతమున చూడగా, శానిటోరియములోనివారిలో నూటికి 92 మందికిని, ఇంటనున్నవారిలో నూటికి 86 మందికిని రోగము అణగియుండెను. శానిటోరియములోనివారు బరువు ఎక్కువ పెరిగిరి, నిజమే. కాని క్రిములను చంపుటలో కొండగాలికిని గుడిసెగాలికిని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. 1959లో ఈ ఫలితములు ప్రకటింపబడినపుడు ఐరోపా అమెరికాలలోని వైద్యులుకూడ తెల్లబోయిరి. అచ్చటి శానిటోరియములు క్రమముగా మూతపడుటకు ఇదియు నొక హేతువు.

తల్లులకు అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి కలదు. "రోగి యింట నున్నయెడల పిల్లలకు అంటదా?" మద్రాసువారు దీనినికూడ విడువలేదు. ఆ రెండు తెగల రోగుల కుటుంబములను ఐదేండ్లు కనిపెట్టియుండి, మందు పుచ్చుకొనుచు ఇంటనున్న రోగి బంధువులకు, రోగిని ఏడాది దూరముంచిన యింటివారికంటె ఎక్కువగా వ్యాధి రాలేదని 1966లో ప్రకటించిరి. కారణ మేమనగా, రోగి దగ్గుచు, రోగమని తెలియక, ఆరువారములో ఆరునెలలో ఇంట మెలగినప్పుడే అంటవలసినవారికి అంటిపోయినది. రోగనిర్ణయమై మందు ఆరంభమైన పిమ్మట కొన్ని వారములలోనే అతని దగ్గులోని శక్తి మిక్కిలి తగ్గిపోవును. తెలిసిన తరువాత రోగిని ఊరవతలకు పంపుట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట వంటిది. అంటకుండ చేయు దారి ఒక్కటే. దగ్గును త్వరగా పరీక్షింపించి, మందును త్వరగా మొదలుపెట్టుట.

ఇంత స్పష్టముగా తేలినను జనుల మనస్సులు మాఱలేదేమి? మాటవరుసకు జనులు మూఢులందురు. ఆ మాట తప్పని మఱియొక పరిశోధన తేల్చినది. 1959లో బెంగుళూరున జాతీయ క్షయ సంస్థ యేర్పడినది. దానికి చెందిన స్టిగ్ ఆండర్సన్, డి. బెనర్జీ అనువారు మైసూరు రాష్ట్రము తుముకూరు జిల్లాలోని గ్రామములలో క్షయరోగులను విచారించి, 1963లో తమ నివేదికను ప్రకటించిరి. రోగులలో మిక్కిలి పెద్ద భాగమునకు తమ దేహములో నేదియో చెడినదని తెలియును. సగముమంది వఱకు చికిత్సకొఱకు బయలుదేరియే యుండిరి. ఆసుపత్రికి పోయినవారిలో అనేకులకు అచ్చట దొరకినది సీసాలో దగ్గుమందు! పల్లెవాడు రానందున కాదు, వచ్చినవానిని మనము తిరిగి పంపినందున రోగము పెరిగెనన్నమాట. నా యభిప్రాయములో ఈ విషయమున వ్రాయబడిన మాటలలో ఇంతకంటె విలువైనది లేదు. ఒకసారి దగ్గుమందుతో మోసపోయినవాడు రెండవసారి మాత్రల పొట్లము నిచ్చిన నమ్మునా? పెద్ద దవాఖానకు వ్రాసియిమ్మనుట అతని అనుభవము చెప్పించు మాట.

దీనికి తోడు మనవారికి సూదిమందుపైగల నమ్మకము మాత్రపై లేదు. గ్లూకోసు సీసా వ్రేలాడదీసిననే వైద్యము జరిగినట్లు. స్ట్రెప్టోమైసిను సూదులు వేసిన కాలమున రోగులు క్రమముగా వచ్చెడివారనియు, మాత్రలకాలమున అలక్ష్యము చేసిరనియు వృద్ధులైన నర్సులు చెప్పుచుందురు.

ఇంటిచికిత్సలో నిజమైన లోపమొకటి యున్నది, దానిని దాచరాదు. మందు ఇచ్చుట వేఱు, మందు కడుపులోనికి పోవుట వేఱు. పాస్ మందు గుప్పెడేసి మ్రింగవలసియుండెను, కడుపులో త్రిప్పును. మద్రాసు కేంద్రమువారు చెప్పకుండ ఇండ్లకు పోయి మాత్రలు లెక్కించియు, మూత్రమును పరీక్షించియు చూడగా, పలువురు సరిగా పుచ్చుకొనుట లేదని తేలెను. అందుపై వారానికి రెండుమారులు రోగి వచ్చి, ఎదుట మందు పుచ్చుకొనిపోవు పద్ధతిని వారే పరీక్షించి 1964లో ప్రకటించిరి. 'డాట్స్' అను పేరున లోకమంతట వ్యాపించిన పద్ధతికి మూలము అదియే. మన దేశమున జాతీయ క్షయ కార్యక్రమము 1962లో ఆరంభమయ్యెను. 1997లో దానిని సవరించి, డాట్స్ పద్ధతిని ప్రవేశపెట్టి, 2006 మార్చినాటికి దేశమంతటికి వ్యాపింపజేసిరి.

అయితే ఎదుట మ్రింగుమనుటయు అందఱికి నచ్చలేదు. "నేనేమన్న దొంగనా, నోరు తెరిచి చూపియ్య?" అని యడుగు పెద్దమనిషి మనలోనే కలడు. కూలికి పోవువాడు కూలి మానుకొని ఆసుపత్రి తెఱచువేళకు రావలెను. బీడీలు చుట్టు స్త్రీ వేయి బీడీల లెక్క పూర్తికాక కదలలేదు. వచ్చినను, టీబీ గది ముందరి బల్లపై కూర్చుండిన చూచువా రెందఱో! ఈ చిక్కును విప్పుటకు హైదరాబాదులో మంచి ప్రయత్నము జరిగెను. 1995 మొదలుకొని మహావీర్ ధర్మాసుపత్రివారు పేటలలోని ప్రైవేటు డాక్టర్లతో పొత్తు కలిపిరి. డాక్టర్లు దగ్గువారిని పరీక్షకు పంపిరి. ఇంటి చేరువనున్న చిన్న చిన్న నర్సింగుహోములలో ప్రభుత్వపు ఉచితపు మందులు ఇప్పించిరి. రోగి తనకు తెలిసిన డాక్టరు వాకిటికే, తన పనివేళను బట్టి, జ్వరమునకో తలనొప్పికో వచ్చినట్లు వచ్చిపోవచ్చును. ఆ పొత్తు ఫలించినది. ఇతర పట్టణములవారు దానిని చూచి నేర్చుకొనిరి. ఇందువలన తెలియునదేమనగా, జనులు వెగటుపడినది ఇంటిచికిత్స కాదు, అది వెంట తెచ్చు బయలుపాటు.

ఈ బయలుపాటు ఆడవారి విషయమున మిక్కిలి క్రూరమైనది. కోడలికి క్షయయని తెలిసిన మరునాడే "పుట్టింట్ల నయం చేసుకొని రా బిడ్డా" అని పంపివేయు ఇండ్లు కలవు. పెండ్లికాని పిల్లకు వచ్చినయెడల తలిదండ్రులు మాత్రల పెట్టెను బియ్యపు కాగులో దాతురు. దాచిన మాత్ర ఒక్కొక్కనాడు తప్పిపోవును. చుట్టములు వచ్చినయెడల వారమే తప్పిపోవును. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చుటను, ఆమె చీరను చూచిననే వీధివారు ఊహింతురను భయముచేత, "మా యింటికి రావద్దక్కా, నేనే వస్త" అని చెప్పి, పిమ్మట రానివారును కలరు. వీరిని గద్దించి ప్రయోజనము లేదు. మందు చేతికిచ్చువారు ఎవరైననేమి, రోగి తానే నమ్మి కోరుకొన్న మనిషి కావలెను. పొరుగింటి పెద్దమ్మ కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, చదువుకొన్న కొడుకే కావచ్చు. కాపలాదారు పనికిరాడు.

ఆరునెలలెందుకను ప్రశ్న విద్యార్థులు తఱచుగా వేయుదురు. పొలములో తుంగను చూచినవారికి జవాబు కష్టము కాదు. పైనున్న ఆకును కోసినయెడల మడి శుభ్రముగా కనబడును. గడ్డ భూమిలో నుండును. నాలుగు చినుకులు పడగానే తిరిగి మొలచును. క్షయక్రిమి మిక్కిలి మెల్లగా పెరుగునది. కొన్ని పని మానుకొని నిద్రించునట్లుండును. ఇప్పటి చికిత్సలో ఐసోనియాజిడు, రిఫాంపిసిను, పైరజినమైడు, ఇథాంబ్యుటాలు అను నాలుగు మందులను కలిపిన మాత్రలను మొదటి రెండు మాసములును, పైరజినమైడు మినహా తక్కిన మూడింటిని తరువాతి నాలుగు మాసములును ఇత్తురు. మొదటి మాసములోనే దగ్గు తగ్గి ఆకలి పుట్టును. అదియే ప్రమాదకాలము. 'బాగైతిని' అని మానినవానికి తుంగగడ్డ మిగిలియే యున్నది. అది తిరిగి మొలచునప్పుడు కొన్ని మందులకు లొంగనిదై మొలవవచ్చును. అట్టి మొండి క్షయకు చికిత్స కష్టతరము. 2017 మొదలు మన దేశమున వారానికి మూడుమారులు ఇచ్చు పద్ధతిని మాని, రోజువారీ మాత్రలను దేశమంతట ప్రవేశపెట్టిరి. రోగి బరువునుబట్టి మాత్రల సంఖ్య యుండును గనుక ఒకరి మాత్రలు మఱియొకరికి పనికిరావు.

ఇంకొక చిన్న సంగతి. రిఫాంపిసిను పుచ్చుకొనిన మూత్రము నారింజవన్నెగా, ఎఱ్ఱగా వచ్చును. ఎవరును ముందుగా చెప్పనందున నెత్తురు పడుచున్నదని భయపడి మందు పాఱవేసినవారు కలరు. అది మందు రంగు. దానివలన హాని లేదు. కన్నులు పచ్చబడుట, ఆగని వాంతులు, చూపు మందగించుట మాత్రము వేఱు; అవి కనబడిన మాత్రలను నిలిపి, ఆ దినముననే డాక్టరునొద్దకు పోవలెను.

ఆసుపత్రిలో చేర్చుకొనుటయే లేదా యన్న, ఉన్నది. నెత్తురు ఎక్కువగా కక్కుచున్నవారు, ఊపిరాడనివారు, మెదడుపొరలకు వ్యాధి సోకినవారు, మందువలన కామెర్లు ముదిరినవారు మంచముపై నుండవలసినవారే. మంచములు వారికి మిగులుటకే తక్కినవారు ఇంటనుండుట. మొండి క్షయవారిలో సైతము ఎక్కువమందికి ఇప్పుడు నోటి మాత్రలతోనే చికిత్స నడచుచున్నది. మిషను చరిత్ర నెఱిగినవారికి ఇందులో క్రొత్త యేమియు కనబడదు. 1915లో డాక్టరు ఇసబెల్ కెర్రుగారు నిజామాబాదు కడ డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కొఱకు ఆసుపత్రి స్థాపించినప్పుడు ఆ రోగికి ఊరిలో చోటు లేదు. నేడు కుష్ఠరోగియు మాత్రలు పుచ్చుకొనుచు తన యింటనే యున్నాడు. తలుపు మూయించినదియు వైద్యమే, తెఱిపించినదియు వైద్యమే.

ఇప్పుడు మన యిండ్లలో జరుగు కొన్ని తప్పులను చెప్పెదను. రోగికి వేఱు కంచము, వేఱు గ్లాసు పెట్టి, వాటిని పెరటిలో బోర్లించుట ఎల్లెడల కనబడును. క్షయ కంచమువలన అంటదు. దుప్పటివలన, కరచాలనమువలన అంటదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మూసిన గదిలో నిలిచియుండు గాలివలన అంటును. కావున కంచమును వేఱుచేసి కిటికీని మూసియుంచు ఇల్లు రెండువిధముల నష్టపోవుచున్నది. కిటికీ తెఱవవలెను. రోగి దగ్గునప్పుడు నోటికి గుడ్డ యడ్డము పెట్టుకొనవలెను. ఉమ్మిని మూతగల డబ్బాలో వేసి, కాల్చివేయుటయో నీళ్లలో బాగుగ కాచి పారబోయుటయో చేయవలెను. మొదటి వారములలో పసిపిల్లలను అతని ప్రక్కన పరుండబెట్టరాదు. ఇంటిలోని వారందఱిని, అందు ఐదేండ్లలోపు పిల్లలను ముందుగా, పరీక్షింపించవలెను. వ్యాధి లేదని తేలినవారికి అది రాకుండ మందు ఇచ్చు ఏర్పాటును ఉన్నది.

ఆహారముమాట. మద్రాసు ఫలితమును చూచి తిండి అక్కరలేదని తలంపరాదు. ఝార్ఖండులో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో, రోగి కుటుంబమువారికి నెలనెల పప్పు బియ్యము మొదలగునవి ఇచ్చినయెడల వారిలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 40 వంతులవఱకు తగ్గెనని తేలినది. మందు రోగిని కాపాడును. తిండి ఇంటివారిని కాపాడును. 2018 ఏప్రిలు మొదలు చికిత్సకాలమున రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేయుచుండిరి. 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. ఈ సొమ్ముకొఱకు బ్యాంకుఖాతా ఇమ్మన్నప్పుడు, పేరు బయటపడునని వదలుకొనువారున్నారు. ఈ విషయములో తలిదండ్రులకంటె ఉన్నత తరగతుల విద్యార్థులే సాయపడగలరు. ఖాతా ఫారము నింపుట వారికి తెలియును.

పాఠశాలలోకూడ ఈ ప్రశ్న వచ్చును. తండ్రికి క్షయయని తెలిసిన బాలుని ప్రక్కనుండి ఇద్దఱు లేచి వేఱు బెంచీకి పోయినయెడల, ఆ బాలుడు ఇంటికి పోయి ఏమి చెప్పును? తండ్రి మరునాటినుండి మందుకొఱకు పోవుటకు వెనుదీయును. చికిత్స ప్రారంభించి, పోవచ్చునని డాక్టరు చెప్పిన తరువాత రోగియైన విద్యార్థియే తరగతికి రావచ్చును. రోగి కొడుకు రాకూడదనుటకు ఏ కారణమును లేదు. రెండు వారములకు మించి దగ్గుచున్న విద్యార్థిని మాత్రము, ఎవరి కుమారుడైనను, కఫపరీక్షకు పంపవలెను. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అను యంత్రములవలన రోగమున్నదా, రిఫాంపిసినుకు లొంగునా అను రెండు సంగతులును గంటలలో తెలియుచున్నవి. పరీక్షకు, మందునకు ప్రభుత్వాసుపత్రిలో పైసా లేదు.

చివరగా మన ప్రాంతమునకు విశేషముగా సంబంధించిన మాట. మెదకు పల్లెలనుండి బొంబాయికి, భీవండికి, దుబాయికి పనికై పోవువారు పెక్కుమంది. మూడవ మాసములో ఆరోగ్యము చిక్కగానే, అప్పులవాండ్ల పోరు పడలేక బండి యెక్కుదురు. మాత్రలు దారిలో అయిపోవును. దేశములో ఎచ్చటికి పోయినను మందు ఆగనక్కరలేదు. రోగి పేరు నమోదయినపుడు ఇచ్చిన 'నిక్షయ్' సంఖ్యను కాగితముపై వ్రాయించుకొని, పోవు ఊరిపేరు ముందుగా ఇచ్చటి క్షయ విభాగమువారికి చెప్పినయెడల, వారు ఆ యూరి ఆసుపత్రికి అతనిని మార్పించెదరు. సముద్రము దాటువారు మాత్రము ఆరునెలలు నిండి, కఫము శుభ్రమైనదని కాగితము చేతికి వచ్చువఱకు టిక్కెట్టు కొనకుందురుగాక.